మా అరుగు మీద నడుస్తున్న మీ ఆఫీసు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల విశ్వవిద్యాలయాల రిజిస్ట్రార్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నేను రిటైరై రెండేళ్లు దాటింది. విశ్వవిద్యాలయ సర్వీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, ఈ రెండు జిల్లాల్లోని ఒక విశ్వవిద్యాలయంలో ఉద్యోగుల ఫైళ్లు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ నుంచి సూపరింటెండెంట్‌గా బయటికొచ్చాను. అది ఏ విశ్వవిద్యాలయమో రాయను. రాస్తే ఉత్తరం వాళ్లొక్కరికే అనుకుని మిగతావాళ్లు పక్కన పెట్టేస్తారు. మా ఇల్లు విజయనగరంలో, అయ్యకోనేరు గట్టుకు కాస్త ఇవతల. పాతకాలపు ఇల్లు, ముందర అరుగుంది. ఈ ఉత్తరం ఆ అరుగు గురించే.

రిటైరైన కొత్తలో, పొద్దున్నే పేపరు చదువుకోడానికి పనికొస్తుందనుకున్నాను. ఆరు నెలలు తిరక్కుండానే అది ఒక ఆఫీసైపోయింది. వారానికి ముగ్గురో నలుగురో వస్తారు. ఎస్.కోట నుంచి, చీపురుపల్లి నుంచి, ఒక్కోసారి పాలకొండ నుంచి కూడా బస్సెక్కి వస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో జిరాక్సులు. అటెండర్లు, గెస్ట్ ఫ్యాకల్టీ, ల్యాబ్ అసిస్టెంట్లు, అప్పుడప్పుడు ప్రొఫెసర్లు. అందరిదీ ఒకటే మాట: "ఆఫీసులో అడిగితే చూద్దామంటున్నారండీ. మీరైతే చెప్తారని వచ్చాం."

ఇందులో నా గొప్పేమీ లేదు. వాళ్లకు జీతమిచ్చే చోట ఆ ప్రశ్నకు జవాబు దొరకట్లేదు, అంతే.

మొన్నామధ్య వచ్చినావిడ సంగతి చెప్తాను. పేరు వద్దు. పదకొండేళ్లుగా ఒక క్యాంపస్‌లో ఊడుస్తోంది, అవుట్‌సోర్సింగ్. ఈ పదకొండేళ్లలో మూడు ఏజెన్సీలు మారాయి. మనిషి మారలేదు, ఊడ్చే వరండా మారలేదు. కూతురి పెళ్లి కుదిరింది, పీఎఫ్‌లో కొంత తీసుకోవచ్చేమోనని వచ్చింది. "బాబూ, నెలనెలా కోస్తన్నారు గానీ ఆ డబ్బులెక్కడున్నాయో నాకేటి తెలుస్తాది?" అంది. జీతం కాగితం చూస్తే నిజమే, పన్నెండు శాతం కోశారు. యజమాని తరఫున మరో పన్నెండు పడాలి, అందులో 8.33 పెన్షన్ పద్దుకు పోవాలి. ఇవేవీ ఆవిడకు ఎవరూ చెప్పలేదు. యూఏఎన్, అంటే ఎన్ని చోట్ల పనిచేసినా మనిషికి ఒక్కటే ఉండాల్సిన పీఎఫ్ నంబరు, అడిగితే ఫోను కవరు వెనకాల మడిచి పెట్టుకున్న చీటీ తీసింది. దాని మీద రెండు నంబర్లు. మొదటి ఏజెన్సీ ఒకటి తీసింది, మూడోది అది ఉందో లేదో అడక్కుండా ఇంకొకటి తీసింది. ఒకదాంట్లో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక. ఆధార్‌లో అసలు ఇంటిపేరే లేదు. పుట్టినతేదీ ఆధార్‌లో జనవరి 1. మన ఊళ్లలో ఒక వయసు వాళ్లంతా జనవరి ఒకటినే పుట్టారు కదా!

ఆ రెండు నంబర్లూ ఒకటి కావాలంటే ముందు పేరు కలవాలి. పేరు కలవాలంటే ఉద్యోగి, యజమాని కలిసి ఇచ్చే జాయింట్ డిక్లరేషన్ పెట్టాలి, దాన్ని యజమాని ఆమోదించాలి. యజమాని ఎవరు? మొదటి ఏజెన్సీ బోర్డు తీసేసింది. విశ్వవిద్యాలయంలో అడిగితే "నువ్వు మా మనిషివి కాదమ్మా, ఏజెన్సీ మనిషివి" అన్నారట. పదకొండేళ్లు మన వరండా ఊడ్చిన మనిషితో ఆ మాట అన్నారు. చట్టం మాత్రం అలా అనదు. ఏజెన్సీ కట్టకపోతే, పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలి. నెలనెలా బిల్లు పాసు చేసే ముందు పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు తెప్పించి పేరుపేరునా చూడాల్సింది కూడా మన సెక్షనే. చలానా జతపరిచారా లేదా అని చూస్తాం. అందులో ఎవరి పేర్లున్నాయో చూడం. నేనూ చూళ్లేదు. పేజీలు లెక్కపెట్టి టిక్కు కొట్టి పంపేవాణ్ణి.

ఆవిడ పని పూర్తవడానికి నాలుగు నెలలు పట్టింది. పెళ్లికి అందలేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మన విశ్వవిద్యాలయాల్లో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ ఉంది, అది ఫైళ్లు చూసుకుంటుంది. ఎస్.ఆర్. (సర్వీసు రిజిస్టరు) రాస్తుంది, ఇంక్రిమెంటు వేస్తుంది, సెలవు లెక్క కడుతుంది. కానీ ఉద్యోగి వచ్చి ఎదురుగా నిలబడి "నాకేం వస్తుంది, ఎలా అడగాలి, ఎన్ని రోజుల్లో అవుతుంది" అని అడిగితే, జవాబు చెప్పడమే పనిగా కూర్చున్న మనిషి ఒక్కడూ లేడు. ఆ కుర్చీయే లేదు. మనుషులను తీసుకునే విభాగాధిపతికి "సార్, ఇలా తీసుకోవాలి, ఇలా తీసుకుంటే రేపు ఇరుక్కుంటారు" అని ముందే చెప్పేవాడూ లేడు.

నేను కక్షతో రాయడం లేదు. తప్పు నా దగ్గర్నుంచే మొదలుపెడతాను.

చాలా ఏళ్ల కిందటి మాట. కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పే ఒక అమ్మాయి నా టేబుల్ దగ్గరకొచ్చింది. ఆరో నెల. "సార్, నాకు మెటర్నిటీ లీవు ఉంటుందా?" అని అడిగింది. నేను తల కూడా ఎత్తలేదు. "కాంట్రాక్టు కదమ్మా, రూలు లేదు" అన్నాను. ఏ రూలు లేదో చూసి చెప్పలేదు. ఆ అమ్మాయి థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది. తర్వాతి సంవత్సరం ఎక్స్‌టెన్షన్ జాబితాలో ఆ పేరు లేదు. ఎవరూ తీసేయలేదు, తానే రాలేదు. రోజుకూలీ మీద పనిచేసే మస్టర్ రోల్ ఆడవాళ్లకు కూడా ప్రసూతి ప్రయోజనాలు వర్తిస్తాయని, ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. అంటే నేను ఆ మాట అనేనాటికి ఆ తీర్పు వచ్చి చాలా కాలమైంది. ముందరి 12 నెలల్లో 80 రోజులు పనిచేస్తే చాలు. 2017లో ఆ సెలవు 26 వారాలైంది. 2023లో ఢిల్లీలోని ఒక కాంట్రాక్టు డాక్టరమ్మ కేసులో, కాంట్రాక్టు గడువు ముగిసినా ఆ ప్రయోజనం ముగిసిపోదని అదే కోర్టు తేల్చింది. ఇవన్నీ నేను రిటైరయ్యాక, అరుగు మీద కూర్చుని చదువుకున్నాను.

ఎందుకలా అన్నానో చాలాసార్లు ఆలోచించాను. నేను దుర్మార్గుణ్ణని కాదు. సెక్షన్‌లో పనిచేసేవాడికి మొదటి నెలలోనే ఒక సంగతి వంటబడుతుంది. తప్పుగా "సరే" అంటే ఆడిట్ అభ్యంతరం వస్తుంది, మెమో వస్తుంది, రికవరీ అంటారు. తప్పుగా "లేదు" అంటే ఏమీ రాదు. అవతలివాడు తిరిగి వెళ్లిపోతాడు, అంతే. దానికి ఫైలుండదు, అభ్యంతరముండదు, రికార్డే ఉండదు. అందుకని అనుమానం వస్తే లేదనేయడం, ఇంకా అనుమానం వస్తే "చూద్దాం" అనడం. ముప్పై ఏళ్ల సర్వీసులో నేను నోటితో చెప్పిన "లేదు"లు ఎన్నో నాకే తెలియదు. వాటిలో సగమైనా తప్పై ఉంటాయని ఇప్పుడు భయం.

కాబట్టి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చినంత మాత్రాన ఇది తీరదు. "లేదు" అన్నప్పుడు కూడా, ఏ నియమం ప్రకారం లేదో కాగితం మీద రాసివ్వాల్సి వస్తేనే ఆ చేయి పుస్తకం తెరుస్తుంది.

ఇక మనుషుల్ని తీసుకునేవాళ్ల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే అందరూ క్లర్కులనే తిడతారు గానీ విభాగాధిపతుల కష్టం ఎవరికీ పట్టదు.

మా దగ్గర ఒక హెచ్.ఓ.డి., అంటే విభాగాధిపతి, ఉండేవారు. సైన్సు మనిషి. ల్యాబ్‌లో దిగితే భోజనం మరిచిపోతారు. ఒక ఏడాది ఆగస్టులో ఆయన విభాగంలో ఒక అధ్యాపకుడు దీర్ఘ సెలవు మీద వెళ్లిపోయారు. పిల్లలు క్లాసుల్లేవని వీసీ గారి ఛాంబర్ ముందు కూర్చున్నారు. ఈయన కంగారుపడి తన పాత విద్యార్థులు ముగ్గురికి ఫోన్ చేశారు. వాళ్లలో ఒకమ్మాయికి అధ్యాపక అర్హత పరీక్ష నెట్ ఉంది, గజపతినగరంలో ఉంటోంది. "రేపట్నుంచి వచ్చేయమ్మా, కాగితాలు తర్వాత చూసుకుందాం" అన్నారు. ఆ అమ్మాయి వచ్చేసింది. బాగా చెప్పింది కూడా. పిల్లలు లేచి క్లాసులకు పోయారు, వీసీ గారు మెచ్చుకున్నారు.

నాలుగు నెలల తర్వాత రెమ్యునరేషన్ బిల్లు మా సెక్షన్‌కొచ్చింది. నోటిఫికేషన్ లేదు. వర్క్‌లోడ్ స్టేట్‌మెంట్ లేదు. సెలక్షన్ కమిటీ లేదు. ఫైనాన్స్ నుంచి ముందస్తు ఆమోదం లేదు. రిజర్వేషన్ల వరస చెప్పే రోస్టర్ పాయింటు చూసిన జాడ లేదు. నేను బిల్లు వెనక్కి పంపాను, పంపక తప్పదు. ఆయన నా దగ్గరకొచ్చి నిలబడ్డారు. అంత పెద్దాయన, "నాకివన్నీ ఎవరు చెప్పారండీ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఆయనకు హెచ్.ఓ.డి. ఆర్డరు టైపు చేసింది నేనే. అందులో "బాధ్యతలు స్వీకరించవలసిందిగా" అని రాశాను. ఆ బాధ్యతలేమిటో ఒక్క ముక్క రాయలేదు. సంక్రాంతికి ఆ అమ్మాయికి ఆయన తన జేబులోంచి ఇరవై వేలు ఇచ్చారని తర్వాత తెలిసింది. బిల్లు మాత్రం సంవత్సరాంతం దాకా తేలలేదు.

గెస్ట్ ఫ్యాకల్టీకి ఎంత ఇవ్వొచ్చో యూజీసీ 2019 జనవరిలోనే చెప్పింది. లెక్చరుకు 1,500 రూపాయలు, నెలకు 50,000 మించకుండా. వాళ్లను ఎంపిక చేయడానికి కమిటీ ఎలా ఉండాలో కూడా చెప్పింది. మా అరుగు ఎక్కిన గెస్ట్ ఫ్యాకల్టీలో ఆ రేటు పూర్తిగా అందుకున్నవాళ్లు నాకింకా తగల్లేదు. డబ్బుల్లేవంటే అది వేరే గొడవ, ప్రభుత్వంతో తేల్చుకోవాల్సింది. కానీ అలాంటి ఉత్తర్వు ఒకటుందని తెలియని హెచ్.ఓ.డి.లు కూడా తగిలారు. అది డబ్బు గొడవ కాదు.

మన దగ్గర విభాగాధిపతి పదవి వంతులవారీగా తిరుగుతుంది. ఒకాయన రెండుమూడేళ్లు కిందామీదా పడి నేర్చుకుంటారు. నేర్చుకునేసరికి వంతు అయిపోతుంది. తర్వాతి ఆయన మళ్లీ ఓనమాల దగ్గర మొదలు. ఇలా ఎంతమంది ఎన్నిసార్లు అదే గోతిలో పడతారు?

ఇంటర్వ్యూ గదిలో జరిగేది ఇంకో కథ. నేను కమిటీకి కాగితాలందించడానికి లోపల కూర్చున్న రోజులున్నాయి. "మీవారికి బదిలీ అయితే ఏం చేస్తారమ్మా?" అని ఒక పెద్దమనిషి అడిగారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, ఆ అమ్మాయి మధ్యలో వెళ్లిపోతే క్లాసులాగిపోతాయని. పక్కనున్న కుర్రాణ్ణి "మీ ఆవిడకు బదిలీ అయితే?" అని అడగలేదు. అడిగే ప్రశ్నలు ముందే రాసుకోవాలని, అందరినీ అవే అడగాలని, ఎవరి మార్కులు వాళ్లు అక్కడికక్కడే వేయాలని ఆ గదిలో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. టీలు తాగాక అందరూ మాట్లాడుకుని పెన్సిల్‌తో వేసేవారు. తర్వాత సమాచార హక్కు దరఖాస్తు వస్తుంది, 30 రోజుల గడువు. అప్పుడు ఆ మార్కుల షీటు వెతకడానికి నేను బీరువాల మధ్య దూరేవాణ్ణి.

మా మేనకోడలు అమెరికాలో ఒక యూనివర్సిటీలో ల్యాబ్ మేనేజర్. ఇదంతా చెప్తే నవ్వింది. వాళ్ల దగ్గర హెచ్.ఆర్. ఆఫీసు నుంచి ఒక్కో విభాగానికి ఒక్కో మనిషిని కేటాయిస్తారట. కొత్తవాణ్ణి తీసుకోవాలంటే ముందు ఆ మనిషితో కూర్చుని ఉద్యోగ వివరణ రాయాలి, ఇంటర్వ్యూ చేసేవాళ్లు ఒక శిక్షణ పూర్తి చేయాలి, ఏం అడగకూడదో ముందే చెప్తారు. చేరిన మొదటి రోజే సెలవులు, బీమా, ఫిర్యాదు ఎవరికివ్వాలి అన్నీ ఒకచోట చెప్తారట. "వాళ్లూ మహా మంచోళ్లేం కాదు మావయ్యా, కేసులంటే భయం" అని కూడా అంది. ఆ భయమైనా మనకుంటే బాగుండును! వాళ్ల పద్ధతి యథాతథంగా ఇక్కడికి తెమ్మని నేననను. మనకు రోస్టరుంది, మంజూరైన పోస్టులున్నాయి, ప్రభుత్వ అనుమతులున్నాయి. పని ఇక్కడ ఇంకా చిక్కు. చిక్కు ఎక్కువైనచోట చెప్పేవాడు ఇంకా అవసరం కదా.

మన విశ్వవిద్యాలయాల వయసు కూడా గుర్తుంది నాకు. ఎచ్చెర్లలో 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలైనది 2008లో విశ్వవిద్యాలయమైంది. విజయనగరంలో 2007 నాటి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల 2022లో గురజాడ పేరుతో విశ్వవిద్యాలయమైంది. కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2019లో చట్టం వచ్చింది. ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. చట్టంతో ఒక్కరోజులో కాలేజీ విశ్వవిద్యాలయమవుతుంది గానీ, మనుషుల లెక్క చూసే పద్ధతి ఒక్కరోజులో పెరగదు, అదీ సంగతి. గురజాడ వారు కూడా కొంతకాలం డిప్యూటీ కలెక్టరు ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసినవారే. గుమాస్తాల పేరెత్తినప్పుడల్లా నాకది గుర్తొచ్చి కాస్త ధైర్యంగా ఉంటుంది.

సరే, నేనడిగేదేమిటి?

ఒక గది. గది లేకపోతే ఉత్తరాలు, దరఖాస్తులు తీసుకునే టపాల్ పక్కన ఒక టేబుల్. అక్కడ అనుభవమున్న ఒక మనిషి, వారానికి రెండు మధ్యాహ్నాలైనా కూర్చోవాలి. పర్మనెంటా, కాంట్రాక్టా, ఏజెన్సీయా అని అడగకుండా క్యాంపస్‌లో పనిచేసే ఎవరొచ్చినా వినాలి. ఒక రిజిస్టరు పెట్టి, ఫలానా తేదీన ఫలానావారు ఫలానాది అడిగారు అని రాసుకోవాలి. వారంలో జవాబు కాగితం మీద ఇవ్వాలి, ఉందంటే ఉందని, లేదంటే ఏ నియమం ప్రకారం లేదో. నెలకోసారి ఆ రిజిస్టరు మీరు తిరగేస్తే చాలు, మీ సంస్థలో ఎక్కడ నొప్పి ఉందో డాక్టరు అక్కర్లేకుండా తెలుస్తుంది.

కొత్తగా చేరినవాళ్లకు తెలుగులో రెండు పేజీల కాగితమివ్వండి. ఆర్డరుతో పాటే. పీఎఫ్ నంబరు ఎలా చూసుకోవాలి, నామినేషన్ ఎందుకు రాయాలి, సెలవు ఎవరినడగాలి. లైంగిక వేధింపుల మీద ఫిర్యాదు తీసుకునే అంతర్గత కమిటీలో ఎవరెవరున్నారో పేర్లతో సహా అందులో వేయండి. 2013 చట్టం ప్రకారం ఫిర్యాదుకు మూడు నెలల గడువుంది. కమిటీ ఉందని తెలిసేసరికే ఆ మూడు నెలలు దాటిపోయిన కేసు ఒకటి నాకు తెలుసు, అంతకు మించి ఇక్కడ రాయలేను.

ఏడాదికోసారి ఎస్.ఆర్. ఉద్యోగికి చూపించి సంతకం తీసుకోవాలన్నది పాత నియమమే, కొత్తగా నేను కల్పించింది కాదు. అది చేస్తే, రిటైరయ్యే నెలలో పుట్టినతేదీ దగ్గర దిద్దుబాటు కనిపించి గుండె ఆగినంత పనవడం తప్పుతుంది.

హెచ్.ఓ.డి.లకు, ప్రాజెక్టుల్లో మనుషుల్ని తీసుకునే ప్రొఫెసర్లకు ఒక పూట కేటాయించండి, బాధ్యతలు తీసుకున్న నెలలోనే. పవర్‌పాయింట్లు, పుష్పగుచ్ఛాలు వద్దు. వెనక్కొచ్చిన పాత బిల్లు ఒకటి పేర్లు తీసేసి బల్ల మీద పెట్టండి, ఎందుకొచ్చిందో ఆడిట్ వాళ్లతోనే చెప్పించండి. నాకు తెలిసినంతలో అంతకన్నా మంచి పాఠం లేదు. ఆగస్టులో అధ్యాపకుడు వెళ్లిపోతే ఏం చేయాలో జూన్‌లోనే తెలిసి ఉండాలి. విభాగాల వారీగా గెస్ట్ ఫ్యాకల్టీ జాబితా వేసవిలోనే నోటిఫికేషన్ ఇచ్చి, కమిటీ పెట్టి సిద్ధం చేసుకుంటే ఎవరూ రాత్రికి రాత్రి ఫోన్లు చేయనక్కర్లేదు.

పోస్టులు మంజూరు కావాలి, ప్రభుత్వం ఇవ్వట్లేదు అంటారు. ఆ మాట నేను కూడా ముప్పై ఏళ్లు నోట్ ఫైళ్లలో రాశాను, బాగా పనిచేసే వాక్యం అది. కానీ ఇప్పటికే ఉన్న సెక్షన్ నుంచి వారానికి రెండు మధ్యాహ్నాలు తీయడానికి మంజూరు అక్కర్లేదు, మీ ఆఫీసు ఆర్డరు చాలు. ఆ కుర్చీలో కూర్చునేవాడికి ఒక్క హామీ మాత్రం ఇవ్వాలి. చిత్తశుద్ధితో నియమం చూసి రాసిచ్చిన జవాబులో పొరపాటు దొర్లితే మెమో ఉండదని రాతపూర్వకంగా చెప్పాలి. అది లేకపోతే ఆ కుర్చీ కూడా నెల తిరక్కుండా "చూద్దాం" అంటుంది.

మొదట్లో ఆ టేబుల్ దగ్గరకు మనుషులు రాకపోవచ్చు. భయపడతారు, అడిగితే ఎక్స్‌టెన్షన్ ఆపేస్తారేమోనని. మా అరుగు మీద కూడా కొందరు ముందు పక్కింటివాళ్ల సంగతన్నట్టు చెప్పి, కాఫీ అయ్యాక "నాదే సార్" అంటారు. కాస్త ఓపిక పట్టాలి. పేరు బయటికి రాదని ఇద్దరికి నమ్మకం కుదిరితే మిగతా పది మందిని వాళ్లే తీసుకొస్తారు.

నా కళ్లు ఇదివరకటిలా లేవు. జిరాక్సులు చదవడం కష్టంగా ఉంది. సిరిమాను పండగ వెళ్లాక కంటి ఆపరేషన్ పెట్టుకున్నాను, తర్వాత కొన్నాళ్లు అరుగు మీద కాగితాలు చూడటం కుదరదు. ఈ సోమవారం ఇద్దరు వస్తామన్నారు. ఒకరిది పీఎఫ్, ఇంకొకరిది ఆరు నెలలుగా ఆగిన గెస్ట్ బిల్లు. ఈ ఉత్తరం రెండు ప్రింట్లు తీసి ఉంచాను. వాళ్ల దరఖాస్తులతో పాటు మీ టపాల్‌లో ఇచ్చి, నంబరు వేయించుకుని రమ్మంటున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్
విజయనగరం